గేదె మనది, గడ్డి యెవరిది?
త్రిభువన్‌దాస్ పటేల్ జీవితం వ్యవసాయ కూలీలకు చెప్పే పాఠం

2025లో పార్లమెంటు వొక చట్టం చేసింది. గుజరాత్‌లో ఆనంద్ అనే వూళ్లో వున్న గ్రామీణ నిర్వహణ విద్యాసంస్థను ‘త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయం’గా మార్చింది. పత్రికల్లో వొక రోజు వార్త వచ్చింది, మర్నాటికి మరుగున పడింది. తెల్లవారుజామున చెంబులు, డబ్బాలు పట్టుకొని పాల కేంద్రం ముందు నిలబడే మన ఆడకూతుళ్లలో యీ త్రిభువన్ యెవరో తెలిసినవాళ్లు యెందరుంటారు? అమూల్ పేరు చిన్నపిల్లలకు కూడా తెలుసు. కురియన్ పేరు చదువుకున్నవాళ్లకు తెలుసు. కురియన్‌ను ఆనంద్‌లో నిలబెట్టి, అమూల్‌కు పునాది వేసిన మనిషి పేరు మాత్రం పాలు పిండేవాళ్లకు తెలియకుండా పోయింది.

త్రిభువన్‌దాస్ కిషీభాయ్ పటేల్ ఎర్రజెండా పట్టిన మనిషి కాదు. పాటీదారు కుటుంబంలో పుట్టిన కాంగ్రెసువాది, గాంధీ అనుచరుడు. అయినా ఆయన జీవితం నుంచి కూలీ సంఘాలవాళ్లు నేర్చుకోవలసింది చాలా వుంది. ఆయన చేసినదాన్నీ తెలుసుకోవాలి, ఆయన చేయకుండా వదిలేసినదాన్నీ తెలుసుకోవాలి. ఆ వదిలేసిన పని మన మీదనే వుంది గనక.

పాలు ఆపిన పదిహేను రోజులు

ఆయన 1903లో ఆనంద్‌లో పుట్టారు. అప్పుడది ఖేడా జిల్లా. భూమి సారవంతమైనది, పొగాకు పండే ప్రాంతం. 1918లో శిస్తు కట్టబోమని రైతులు సత్యాగ్రహం చేసిన జిల్లా అదే. ఆయన గాంధీ పెట్టిన గుజరాత్ విద్యాపీఠంలో చదివారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు, 1942లో మళ్లీ వెళ్లారు. అస్పృశ్యతా నివారణ, గ్రామాల పని, కాంగ్రెసు పని, యివీ ఆయన రోజువారీ వ్యవహారాలు. అంటే పాల వ్యాపారి కాదు, యంత్రాల పని తెలిసినవాడూ కాదు. ఊరూరా తిరిగి మనుషులను కూడగట్టే కార్యకర్త.

ఆ జిల్లాలో పాల వ్యాపారమంతా పోల్సన్ అనే కంపెనీ చేతిలో వుండేది. వెన్నకు పేరు పడ్డ కంపెనీ. 1945లో బొంబాయి ప్రభుత్వం నగరానికి పాలు సరఫరా చేసే పథకం పెట్టింది. ఆనంద్ నుంచి బొంబాయికి నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. అంత దూరం పాలు చేర్చే పని పోల్సన్‌కు అప్పగించారు. కంపెనీకి గిట్టింది, ప్రభుత్వానికి గిట్టింది, మధ్యన పాలు పోగుచేసే గుత్తేదారులకు గిట్టింది. తెల్లారగట్ల లేచి పేడ తీసి, మేత వేసి, పాలు పిండినవాడికి మాత్రం వాళ్లు యిచ్చిందే ధర. పాలు ధాన్యం లాంటివి కావు. ధర వచ్చేదాకా గాదెలో పోసి దాచుకోవడానికి లేదు. పూట దాటితే విరిగిపోతాయి. పాల దళారీ బలమంతా ఆ విరిగిపోవడంలోనే వుంది.

రైతులు వల్లభభాయ్ పటేల్ దగ్గరకు వెళ్లి మొర పెట్టుకున్నారు. మీరే సంఘం పెట్టుకొని పాలు అమ్ముకోండి, సర్కారు మీ దగ్గర కొనకపోతే కంపెనీకి పాలు పోయడం ఆపండి, ఆ నష్టం కొన్నాళ్లు ఓర్చుకోవడానికి సిద్ధంగా వుండండి అన్నది ఆయన సలహా సారాంశం. 1946 జనవరిలో మొరార్జీ దేశాయ్ వచ్చి సభ పెట్టారు. ప్రభుత్వం రైతుల దగ్గర నేరుగా కొనడానికి వొప్పుకోలేదు. పాల సమ్మె మొదలైంది. పదిహేను రోజులు ఖేడా నుంచి బొంబాయికి పాలు కదల్లేదు. పాలు నేలపాలు చేశారు గాని కంపెనీ క్యాన్లలో పోయలేదు. చివరికి బొంబాయి నుంచి పాల కమిషనరే ఆనంద్‌కు దిగివచ్చాడు. రైతుల కోరికకు తల వొగ్గవలసి వచ్చింది.

ఆ సమ్మెకు వూళ్లను కూడగట్టడంలో, తర్వాత ఊరికో సంఘం నిలబెట్టడంలో త్రిభువన్‌దాస్ కష్టం పెద్దది. కాలినడకన తిరిగి, రచ్చల దగ్గర కూచొని, యీ పూట నష్టం యేడాదికి లాభమని వొప్పించడం మాటలు కాదు. పాలు ఆపితే చంటిపిల్లల యింట్లో ఆ పూట నూకలు కూడా వుండవు. అటువంటి యిళ్ల చేత పదిహేను రోజులు మాట మీద నిలబడేట్టు చేయడం కార్యకర్తల పని. యిప్పుడు అమూల్ కథ చెప్పేవాళ్లు యంత్రాల దగ్గర్నుంచి మొదలుపెడతారు. కథ మొదలైంది సమ్మెతో. సర్కారు దయ తలచి పెట్టిన సంఘం కాదది, పాలు ఆపి సాధించుకున్న సంఘం.

సంఘం అంటే లెక్క

1946 డిసెంబరు 14న ఖేడా జిల్లా పాల వుత్పత్తిదారుల సహకార సమితి రిజిస్టరు అయింది. అధ్యక్షుడు త్రిభువన్‌దాస్. 1948 జూన్‌లో రెండంటే రెండే గ్రామ సంఘాలతో, రోజుకు సుమారు 250 లీటర్లతో పని మొదలైంది. యిప్పుడు మన వూళ్లో వొక మోస్తరు కేంద్రం కూడా అంతకన్నా యెక్కువ పడుతుంది. యీనాడు గుజరాత్ సమాఖ్య కింద సభ్యులు సుమారు 36 లక్షలు.

ఆయన పట్టుబట్టి నిలబెట్టిన పద్ధతి చాలా సాదా పద్ధతి. ఊళ్లో సంఘం, జిల్లాకు సమితి, తర్వాత 1973లో రాష్ట్రానికి సమాఖ్య. ఊరి సంఘంలో యెవరు పాలు పోస్తే వాళ్లే సభ్యులు. పది గేదెలున్నా వొక గేదె వున్నా వోటు వొకటే. పాలు యిష్టం వచ్చిన కొలతతో గాక, వెన్న శాతం చూసి ధర కట్టాలి. ఉదయం పోసిన పాలకు సాయంత్రం, సాయంత్రం పోసినవాటికి మర్నాడు ఉదయం డబ్బు చేతిలో పడాలి. మిగిలిన లాభం సంవత్సరాంతాన పోసిన పాలను బట్టి పంచాలి.

రెండు పూటలా డబ్బు అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. కూలి మనిషికి అది యెంత పెద్దదో కూలి మనిషికే తెలుసు. వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు తీసుకొని, ఆ అప్పుకింద అతనికే తక్కువ ధరకు పాలు పోసే ఆడవాళ్లు మనకు వూరికి పదిమంది వున్నారు. పూటకు పూట నగదు వస్తే ఆ ముడి తెగుతుంది. ఉప్పూ పప్పూ కొనడానికి షావుకారు గుమ్మం యెక్కనవసరం లేదు.

చదువుకున్నవాడిని పెట్టుకోవడం

1949లో ప్రభుత్వం పంపగా కేరళ నుంచి వర్ఘీస్ కురియన్ అనే యింజనీరు ఆనంద్‌లోని సర్కారు పాలకేంద్రానికి వచ్చాడు. అమెరికాలో చదువుకున్న యువకుడు. ఆ దుమ్ము కొట్టుకున్న వూరు ఆయనకు నచ్చలేదు, గడువు అయిపోగానే పోదామనుకున్నాడు. రైతుల సమితి దగ్గర వున్నవి పాతబడ్డ యంత్రాలు, పాలు చెడిపోయేవి. కొత్త పాశ్చరైజర్ కొనకపోతే లాభం లేదని కురియన్ చెబితే, త్రిభువన్‌దాస్ ఆ మాట నమ్మి డబ్బు తెచ్చి కొనిపించారు. తర్వాత, నువ్వు వెళ్లవద్దు, మా రైతులకు పని చెయ్యి అని ఆపారు. 1950లో కురియన్ సమితి మేనేజరు అయ్యాడు.

చలికాలంలో గేదెలు పాలు బాగా యిస్తాయి, యెండాకాలంలో తగ్గుతాయి. పాలు యెక్కువైన రోజుల్లో బొంబాయి కొనకపోతే రైతు గతి యేమిటి? మిగిలిన పాలను పొడి చేసి వుంచుకుంటే ఆ బెడద పోతుంది. గేదె పాలు పొడి కావని పైదేశాల నిపుణులు అనేవారు. వాళ్ల దేశాల్లో వున్నవి ఆవులు గనక వాళ్ల యంత్రాలు, వాళ్ల శాస్త్రం ఆవు చుట్టూ తిరిగాయి. హరిచంద్ మేఘా దలాయా అనే మన నిపుణుడు గేదె పాలతో పొడి చేసి చూపించాడు. 1955 అక్టోబరు 31న ఆ కర్మాగారాన్ని నెహ్రూ ప్రారంభించారు. పాలు విరిగిపోతాయన్న భయంతో రైతు మెడ పట్టుకున్న దళారీ పట్టు అక్కడ సడలింది.

అధ్యక్షుడు త్రిభువన్‌దాస్, పని చేసేది కురియన్, దలాయా లాంటివాళ్లు. అధ్యక్షుడు వాళ్ల పనిలో వేలు పెట్టలేదు. బయటి రాజకీయం వాళ్ల మీద పడకుండా అడ్డం నిలిచారు. ఆయన అండ గురించి, నిజాయితీ గురించి కురియన్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. చదువుకున్న నిపుణుడు రైతుకు జీతగాడుగా వుండాలి, రైతు నెత్తిన అధికారిగా కూచోకూడదు. యీ వొక్క సూత్రం మన సంఘాలన్నీ గోడ మీద రాసుకోదగ్గది.

1964లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి కంజరిలో పశువుల దాణా కర్మాగారం ప్రారంభించడానికి వచ్చి, దగ్గర పల్లెలో వొక రాత్రి వుండి రైతులతో మాట్లాడి వెళ్లారు. మరుసటి సంవత్సరమే జాతీయ పాడి అభివృద్ధి బోర్డు ఆనంద్‌లో ఏర్పడింది. త్రిభువన్‌దాస్‌కు 1963లో మెగసెసే బహుమతి, 1964లో పద్మభూషణ్ వచ్చాయి. 1967 నుంచి 1974 దాకా రాజ్యసభలో వున్నారు. రాష్ట్ర కాంగ్రెసు నాయకత్వంలోనూ వున్నారు. యింత పలుకుబడి వున్న మనిషి 1970ల మొదట్లో సమితి అధ్యక్ష పదవిని తనకుతానే వదులుకున్నారు. సభ్యులు తలకొక రూపాయి వేసి ఆరు లక్షల రూపాయలు ఆయన చేతిలో పెట్టారు. ఆ సొమ్ము యింటికి తీసుకుపోలేదు. తల్లులకు, పిల్లలకు వైద్యం అందించే ధర్మసంస్థకు మూలధనం చేశారు. 1994లో కన్నుమూశారు.

పాల సంఘం కుర్చీ తండ్రి నుంచి కొడుక్కు, బావ నుంచి బావమరిదికి ఆస్తిలా దిగుతున్న వూళ్లు చూసినవాళ్లకు యీ సంగతి విడమరిచి చెప్పనవసరం లేదు.

వరుసలో కులం, యింట్లో మేత

ఆనంద్ సంఘాల గురించి వొక మాట తరచు చెబుతారు. పాలు పోసేచోట పాటీదారూ, హరిజనుడూ వొకే వరుసలో నిలబడాలి. ముందొచ్చినవాడు ముందు పోస్తాడు. యెవరి పాలైనా వొకే క్యాన్‌లో కలుస్తాయి. యిది నిజమే, చిన్న విషయం కాదు. వేరే గ్లాసు పెట్టిన వూళ్లలో పాలు కలిసిపోవడమే వొక దెబ్బ.

కాని వరుస అయిపోయాక యెవరి యింటికి వాళ్లు వెళతారు. అక్కడ్నుంచి మన ప్రశ్న మొదలవుతుంది. 1976లో అయిదు లక్షల మంది గుజరాత్ పాల రైతులు తలా రెండు రూపాయలు వేసి తీయించిన ‘మంథన్’ సినిమాలో సైతం, సంఘం మీద పెత్తనం కోసం సర్పంచికీ హరిజన వాడకూ మధ్య జరిగే పోరాటమే నడుమ నిలుస్తుంది. రైతుల డబ్బుతో తీసిన కథలోనే ఆ సంగతి దాగలేదు.

పాడి లెక్క వొకసారి చూడండి. రెండు లీటర్ల పాలకు సుమారుగా కిలో దాణా కావాలి. ఆ పైన యెండుగడ్డి, పచ్చిగడ్డి. భూమి వున్నవాడికి యెండుగడ్డి వరిచేనులో వస్తుంది, పచ్చిగడ్డి గట్టు మీద, జొన్నచేలో వస్తుంది. కాపలా పనికి పాలేరు వుంటాడు. భూమి లేని ఆడమనిషి దాణా కొనాలి, యెండుగడ్డి కొనాలి. పచ్చిగడ్డికి ఆసామి గట్టు మీదికి పోవాలి. గట్టు మీద గడ్డి కోసుకోనిచ్చినందుకు ఆసామి పొలంలో కలుపు తీయాలి, అదీ తక్కువ కూలికి. ఆసామి మీద కూలి పెంపు కోసం సమ్మె కడితే మొదట మూతపడేది ఆ గట్టు. కూలి పోరాటాల్లో మన ఆడవాళ్లు వెనక్కి తగ్గిన చోట్ల చాలాసార్లు కారణం భయం కాదు, గడ్డి.

వరికోత యంత్రాలు వచ్చాక యింకొకటి జరిగింది. వెనక కోతకు వెళ్లినవాళ్లు కూలి గింజలతోబాటు నాలుగు పనలు గడ్డి తెచ్చుకునేవాళ్లు. యిప్పుడు కోత యంత్రానిది, గడ్డి కట్టలు కట్టి అమ్మేవాడిది. ఊరి పోరంబోకులు, చెరువు శిఖాలు ఆక్రమణల్లో, చేపల చెరువుల్లో, యిళ్ల స్థలాల్లో కలిసిపోయాయి. గేదె మేసేచోటు యేది?

సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం కింద 1980 నుంచి దేశమంతా పేదలకు అప్పు మీద గేదెలు యిచ్చారు. గేదె నిచ్చారు గాని గడ్డినివ్వలేదు. వట్టిపోయిన నాలుగు నెలలు మేపడానికి యేమీ యివ్వలేదు. ఈనితే పాలు, పాలుంటే వాయిదా. వట్టిపోతే వాయిదా ఆగదు, గేదె సంతకు పోతుంది. పేదవాడికి పాడి అచ్చిరాదని అప్పుడు అధికారులు రాసుకున్నారు. అచ్చిరానిది పాడి కాదు, భూమి లేకుండా పాడి.

త్రిభువన్‌దాస్ పని యిక్కడిదాకా రాలేదు. ఆయన సంఘం దళారీని తీసేసింది, భూమి లేనితనాన్ని తీయలేదు. వోటు అందరికీ వొకటే చేసింది, మేత అందరికీ వొకటే చేయలేదు. పాలకు గిట్టుబాటు ధర పెరిగినప్పుడు పది గేదెలున్నవాడికి పదింతలు పెరిగింది, వొక గేదె వున్నదానికి వొకంత పెరిగింది. యిది ఆయన్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. సహకార సంఘం చేయగలిగింది యెంతో, చేయలేనిది యెంతో తెలిసి వుండాలని చెప్పడం.

మన దగ్గర

ఆంధ్రప్రదేశ్‌లో 1974లో పాడి అభివృద్ధి కార్పొరేషన్ పెట్టారు. 1981లో ఆనంద్ పద్ధతి అని చెప్పి సహకార సమాఖ్యగా మార్చారు. ఊరికి సంఘం, జిల్లాకు సమితి, పైన సమాఖ్య. మూడంతస్తులూ వచ్చాయి. రానిది ఆ పదిహేను రోజుల సమ్మె. ఖేడాలో కిందనుంచి పైకి కట్టినదాన్ని మన దగ్గర పైనుంచి కిందికి దింపారు. అంచేత చాలా వూళ్లలో సంఘమంటే మనదనే మాట పుట్టలేదు, సర్కారు కేంద్రమనే మాటే మిగిలింది.

1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. సర్కారు పెత్తనం తగ్గడం మంచిదే. కాని ఆ చట్టం కిందికి పోయిన జిల్లా సమితుల్లో కొన్ని తర్వాత కంపెనీల రూపం తీసుకున్నాయి. సభ్యుల పాలతో, సర్కారు భూమితో, ప్రజల సొమ్ముతో పెరిగిన ఆస్తి యెవరిదన్న ప్రశ్న అక్కడ లేచింది. 2002లో చిత్తూరు సహకార డెయిరీ మూతపడింది. ప్రైవేటు డెయిరీలు పెరిగాయి. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమూల్‌తో వొప్పందం చేసుకొని పాల సేకరణ మొదలుపెట్టించింది. ఆనంద్ మనిషి పెట్టిన సంస్థే మన వూరికి వచ్చింది. యెవరు వచ్చినా మనం అడగాల్సింది వొకటే: మేము నీకు పాలు పోసేవాళ్లమా, నీ సభ్యులమా? పాలు పోసేవాడికి ధర చెబుతారు. సభ్యుడికి లెక్క చెప్పాలి.

మంచి మాటా చెప్పుకోవాలి. తెలంగాణలో ముల్కనూరు ఆడవాళ్లు తమకు తాము సంఘాలు పెట్టుకొని, 2000 తర్వాత సొంత పాల కర్మాగారం నిలబెట్టుకున్నారు. అక్కడ సభ్యులు ఆడవాళ్లే, పాలకవర్గం ఆడవాళ్లే. పేడ తీసేది, మేత తెచ్చేది, పాలు పిండేది ఆడవాళ్లు, సభ్యత్వ పుస్తకం మీద పేరు మగవాడిది అన్న పాత పద్ధతికి వాళ్లు పనితోనే సమాధానం చెప్పారు.

మనం పట్టుబట్టవలసినవి

మొదటిది, సభ్యత్వం పాలు పిండే చేతి పేర వుండాలి. పాల డబ్బు ఆ చేతిలోనే పడాలి. బ్యాంకు ఖాతాలో వేసినా ఆ ఖాతా ఆమెదే కావాలి.

రెండోది, వెన్న శాతం మన కళ్ల ముందు చూడాలి, చీటీ యివ్వాలి. యంత్రంలో అంకె చూసి తల వూపడం కాదు. అనుమానం వస్తే మళ్లీ పరీక్ష చేయమని అడిగే హక్కు వుండాలి.

మూడోది, గడ్డి. ఊరి పోరంబోకు, కాలువ గట్లు, రోడ్ల పక్క స్థలాలు భూమి లేనివాళ్ల సంఘాలకు మేత పెంచుకోవడానికి యివ్వాలి. పాల సంఘం లాభంలో కొంత తీసి భూమి కౌలుకు తీసుకొని, భూమి లేని సభ్యులకు పచ్చిమేత అందించాలి. గట్టు గడ్డి కోసం ఆసామి చేతిలో చిక్కిన కూలి అక్కను విడిపించే దారి యిది.

నాలుగోది, గేదె వట్టిపోయిన నెలల్లో దాణా అప్పు సంఘమే యివ్వాలి. ఈనిన తర్వాత పాలలో కోసుకోవాలి. వాయిదాకు కూడా ఆ నెలల్లో సెలవు వుండాలి.

అయిదోది, పాలకవర్గంలో భూమి లేని సభ్యులకు స్థానాలు. వోటు వొకటే అయినంత మాత్రాన చాలదు, కుర్చీ కూడా కావాలి. అధ్యక్షుడి గడువుకు హద్దు పెట్టాలి.

ఆరోది, పెద్ద పాడిశాలల్లో పాలు పిండే జీతగాళ్లు, పాల లారీల మీద క్యాన్లు యెత్తే కుర్రాళ్లు, కర్మాగారాల్లో కాంట్రాక్టు కార్మికులు. ‘పాడి రైతు’ అన్నప్పుడు వీళ్లెవరూ లెక్కలోకి రారు. వీళ్లకు కనీస వేతనం, గుర్తింపు కార్డు, ప్రమాద బీమా అడగడం మన సంఘం పని. పాలు తెల్లగా వుంటే సరిపోదు, కూలి లెక్క కూడా తేటగా వుండాలి.

మిత్రులారా, యివేవీ వొకరు చేతికిస్తే వచ్చేవి కావు. ఖేడా రైతుకు పాల ధర దానంగా రాలేదు, పదిహేను రోజుల పాలు నేలపాలు చేస్తే వచ్చింది. త్రిభువన్‌దాస్ పేరు మీద విశ్వవిద్యాలయం పెట్టారు, మంచిదే. అందులో చదివేవాళ్లు ఆ సమ్మెను కూడా చదువుకుంటే యింకా మంచిది. మనకు ఆ చదువు పల్లెలోనే దొరుకుతుంది. యీ వారం మీ వూరి పాల కేంద్రం దగ్గర వొక లెక్క తీయండి. పాలు పోసేవాళ్లు యెందరు, అందులో భూమి లేనివాళ్లు యెందరు, ఆడవాళ్ల పేర సభ్యత్వాలు యెన్ని, పాలకవర్గంలో వాళ్లు యెందరు, ఊళ్లో మేతకు పనికొచ్చే పోరంబోకు యెంత, అది యిప్పుడు యెవరి చేతిలో వుంది. ఆ లెక్క చేతిలో వుంటే పోరాటం యెక్కడ మొదలుపెట్టాలో యెవరూ మనకు చెప్పనవసరం లేదు.